ఎడారిలో నీ ఆఖరి బోరు

నాన్నా,

ఇవాళ నీ సంవత్సరీకం. భోజనాల వేళకి నాచారం నుంచి యాదగిరి మామ మన ఉప్పల్ ఇంటికి వచ్చాడు. రాజస్థాన్ ఎడారిలో నీతోపాటు బంగారం వెతికినవాడు, నీ ఫోటో వైపు చూడకుండానే కూర్చున్నాడు.

నువ్వు పోయాక మీ కంపెనీవాళ్లు నువ్వు గుర్తు పెట్టిన చోటే బోరు వేశారట. పాతకాలంలో అక్కడ బంగారం తవ్వినవాళ్లు నీళ్లు పడగానే గని వదిలేశారని, అసలు బంగారం ఆ కిందే ఉందని కదా నీ వాదన. ఆ మాటల్లో పడి నీ ముందు ఎన్నిసార్లు అన్నం చల్లారిపోయిందో!

"రాయి తగుల్తదని చూస్తుంటే ఇసుకొచ్చింది బిడ్డా. ఇంకా దించితే కుళ్లిన కట్టె వచ్చింది. గని కూలకుండ ఆ కాలపోళ్లు నిలబెట్టిన దుంగ. మీ నాయిన చెప్పినంత లోతుకు వాళ్లు అప్పుడే పోయిన్రు. ఏం మిగల్చలే," అన్నాడు మామ.

వాళ్ల గుంతల్ని ఎడారి ఇసుక పూడ్చేసింది. నువ్వేమో అవి లోతులేని గుంతలనుకున్నావు.

కంపెనీ క్యాంపు ఎత్తేసింది. బోర్లలోంచి తీసి నాచారం షెడ్డులో నువ్వు పెట్టెల్లో పేర్చిన రాళ్లన్నీ చర్లపల్లి దగ్గర ప్లాట్లు చదును చేయడానికి పోశారట.

మామ వెళ్లాక అమ్మ టీవీ పక్కనున్న, నువ్వు ఎడారి నుంచి తెచ్చిన పలుగురాయి తీసింది. తడిపితేనే మెరుపు తెలుస్తుందని నువ్వు రాళ్లు నాకుతుంటే ఛీ అనేది కదా, ఇవాళ తనే నాకింది. మెరిసింది నాన్నా. తడి ఆరేదాకా ఇద్దరం చూస్తూ కూర్చున్నాం.