హెర్మిందా అడిగిన మాట

కాస్త్రో, జూన్

ఓర్ఫెలినా అక్కకి ప్రేమతో,

మీ పుంతా అరెనాస్‌లో చలికాలపు మంచు మొదలైందా? ఇక్కడ కాస్త్రోలో వాన తెరిపి ఇవ్వడం లేదు.

ఈ నర్సు ఉద్యోగం మానేసి నీ దగ్గరికి వచ్చేస్తాను. కాన్సర్ రోగులకు స్కానింగ్ ఎప్పుడో, ఆపరేషన్ ఎవరు చేస్తారో, రేడియేషన్‌కి మా దీవి నుంచి సముద్రం దాటి వెళితే ఎవరింట్లో ఉండాలో, అన్నీ కుదిర్చేది నేనే. డాక్టరు మాట వాళ్ళకూ, వాళ్ళు చెప్పుకోలేనిది డాక్టరుకూ చేర్చేదీ నేనే. నయమైనవాళ్ళు బజారులో నన్ను చూసి తల తిప్పుకుంటారు. నా ముఖంలో ఆసుపత్రి కనిపిస్తుంది కాబోలు. నయం కానివాళ్ళు ఎలాగూ ఉండరు. ఇంటికొచ్చి, పొయ్యి రాజేసి, మాతే ఆకుల టీ కాచుకుని ఒక్కదాన్నే తాగుతాను.

ఇప్పుడు లెముయ్ దీవి నుంచి హెర్మిందా అనే ఆవిడ వస్తోంది. సముద్రపు నాచు ఏరి బతికే మనిషి. కడుపులో పుట్టిన కాన్సర్ కాలేయానికి పాకింది. కూతురు జునిల్దా నన్ను వరండాలోకి లాగి, "అమ్మకి అల్సరని చెప్పండి సిస్టర్. నిజం తెలిస్తే గుండె ఆగి పోతుంది" అంది. అబద్ధం చెప్పలేనన్నాను. "మీకెవరూ లేరు కాబట్టి అలా అంటారు" అనేసింది.

ఆ మాట ఇంకా గుచ్చుతోందక్కా. ఈవిడ సంగతి ఒక దారికి రాగానే బయల్దేరతాను.

నీ చెల్లెలు,
నెల్దా

కాస్త్రో, ఆగస్టు

అక్కా,

హెర్మిందా పోయింది. ఆసుపత్రిలో కాదు, తన ఇంట్లో.

నేను ఆమెకు నిజమూ చెప్పలేదు, అబద్ధమూ చెప్పలేదు. "మీ జబ్బు గురించి మీకేం తెలుసు?" అని అడిగానంతే. నవ్వింది. "మా అమ్మా ఇలాగే పచ్చబడి పోయిందమ్మాయ్. అల్సరంటే మా పిచ్చి కూతురికి ఊరట. అందుకే నమ్మినట్టు నటిస్తున్నా. ఆ సూదిమందులు నాకొద్దు. మా పొయ్యి పక్కన పోతా."

"ఈ మాట జునిల్దాతో అనగలరా?"

"నువ్వు పక్కనుంటే అంటా."

పిలిచాను. తల్లీకూతుళ్ళు తిట్టుకున్నారు, ఏడ్చారు, చివరికి ఒకరి చేతులొకరు పట్టుకున్నారు. ఆమెను ఇంటికి పంపడానికి డాక్టరును ఒప్పించాను. నొప్పి తగ్గించే మందు చుక్కలు ఎలా వెయ్యాలో, ఊపిరి మారితే ఏం చెయ్యాలో జునిల్దాకు నేర్పాను.

చివరిసారి చూడ్డానికి లెముయ్ దీవికి వెళ్ళాను. జునిల్దా వేడి వేడి బంగాళాదుంపల రొట్టె పెట్టింది. తింటుంటే హెర్మిందా మంచం మీంచే అడిగింది: "అందరికీ తోడు కుదురుస్తావు కదా, నువ్వు మంచాన పడితే ఎవరొస్తారు?"

నీ పేరు చెప్పాను.

"ఆవిడకి తెలుసా?"

తెలీదక్కా. వస్తానని రాశానే గాని, నువ్వు కావాలని ఎప్పుడూ రాయలేదు.

నిన్న జునిల్దా మళ్ళీ వచ్చింది. ఇంకా సంతాపపు నల్లబట్టల్లోనే ఉంది. జబ్బుపడ్డ తన పక్కింటావిడను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి నా ముందు కూర్చోబెట్టి, "ఈమెకి నిజం చెప్పండి సిస్టర్, నేను పక్కనుంటా" అంది.

వీళ్ళను వదిలి నేను రాలేను. నువ్వే రా అక్కా. నాకు నువ్వు కావాలి.

నెల్దా