కిటికీ గట్టు మీద రెండు సీసాలు

మార్చి 2

ఈరోజు బడికి వెళ్లి రెండు గాజు సీసాలు పెట్టి వచ్చాను. ఒకదాంట్లో మెయిన్ రోడ్డు షాపు బర్గర్, గుప్పెడు చిప్స్. రెండోదాంట్లో మా ఇంట్లో వండిన అన్నం, బఠానీ కూర. మూతలు బిగించి, ఒకటో తరగతి కిటికీ గట్టు మీద పక్కపక్కనే. రోజూ చూడండి, బూజు దేన్ని ముట్టుకుంటుందో దేన్ని ముట్టుకోదో అని పిల్లలకి చెప్పాను. బూజుకి కూడా రుచించనిదాన్ని మనం తింటామా అని అడిగాను. తినం అని అరిచారు. అందరికంటే గట్టిగా మా చెల్లి కూతురు బుడంకాయ అరిచింది.

ఇంత దూరం ఎందుకొచ్చిందంటే, భోజనాల హాలు కప్పు కారుతోంది. ఆ షాపు కంపెనీ వాళ్లు కప్పు వేయించి ఇస్తారట. బదులుగా హాల్లో వాళ్ల కౌంటర్ ఒకటి, గోడ నిండా వాళ్ల బొమ్మలు. పెద్ద టీచర్ దీన్ని దానం అంటోంది. నేను పేపర్లో నా కాలమ్‌లో గాలం అని రాశాను. ఎడిటర్ ఆ మాట ఒక్కటీ తీసేసి మిగతాది వేశాడు. ఈ నెల ఇరవై ఒకటిన తల్లిదండ్రుల మీటింగ్, చేతులెత్తి తేల్చుకోవాలి.

కార్ల షోరూం నడిపే ఒక తండ్రి గేటు దగ్గర ఆపి, మీకు పిల్లల్లేరు కదండీ, మీకెందుకీ తాపత్రయం అన్నాడు. చెల్లి ఆసుపత్రిలో నర్సు. మరిది ఓడ మీద ఉంటాడు. దాని కూతురికి పాలపళ్లు వచ్చినప్పటి నుంచీ ముద్దలు పెడుతున్న చెయ్యి ఇదే. ఆ చెయ్యి ఆయన మొహం మీద పెట్టి చూపించాలనిపించింది. నమస్కారం పెట్టి వచ్చేశాను.

మార్చి 5

బూజు మొదలైంది. తెల్లగా, మెత్తగా, మా అన్నం మీదే. బర్గర్ జోలికి వెళ్లలేదు. బూజు నా పార్టీలో చేరింది.

మార్చి 9

అన్నం సీసా చూడలేకపోయాను. పచ్చది, నల్లది, అడుగున పసుపు నీళ్లు. పక్కన బర్గర్ నిన్న కొన్నట్టు కూర్చుని ఉంది. చిప్స్ ఒక్కటీ వంగలేదు. పిల్లలు ముక్కులు మూసుకుని లైన్లో వచ్చి చూశారు. నేను చిన్న ఉపన్యాసం ఇచ్చాను. మీటింగ్ దాకా ఆగక్కర్లేదు, ఈ తరగతి వరకు గెలిచేశాననుకున్నాను. వచ్చే వారం కాలమ్‌కి హెడ్డింగ్ కూడా దొరికింది.

మార్చి 10

బుడంకాయ టిఫిన్ డబ్బా నిండుగా తిరిగొచ్చింది. ఆకలి లేదంది. నిజమే కాబోలు అనుకున్నాను.

మార్చి 12, సాయంత్రం

నిన్నా అంతే. ఇవాళా అంతే. ఇంట్లో కూడా పళ్లెం ముట్టుకోవడం లేదు. క్లాస్ టీచర్ ఫోన్ చేసింది, సగం క్లాసు డబ్బాలు అలాగే వెనక్కి పోతున్నాయట. మేడం, మీరు చెప్పింది పిల్లలకి బాగా ఎక్కినట్టుంది అంది. మెచ్చుకుందో ఎత్తిపొడిచిందో తెలియలేదు.

బుడంకాయని కూర్చోబెట్టి అడిగాను. నాకే తెలియనట్టు, ఓపిగ్గా విడమరిచి చెప్పింది. మన అన్నం కుళ్లిపోతుంది కదా పెద్దమ్మా. కడుపులో కూడా చీకటే కదా, మూత వేసినట్టే ఉంటుంది కదా. నేను తింటే లోపల అలాగే పచ్చగా అవుతుంది. బర్గర్ అయితే ఎన్ని రోజులున్నా శుభ్రంగా ఉంటుంది, నువ్వే చూపించావు.

బూజుకి నచ్చిందంటేనే మంచి తిండి అని అర్థం అన్నాను. బూజుకి నచ్చింది మనకెందుకు, అది బూజు అన్నం, దాన్నే తిననీ అంది.

మంత్రుల్ని, మేనేజర్లని మాటలతో మూలకి నెట్టినదాన్ని. ముట్టని పళ్లెం తీసి వంటింట్లో పెట్టాను.

మార్చి 13

చెల్లి డ్యూటీ నుంచి యూనిఫాంతోనే వచ్చి పిల్ల కింది రెప్పలు లాగి చూసింది. సంగతంతా చెప్పాను. చెప్పినంతసేపూ చేతులు కట్టుకుని నిలబడింది, రోగి బంధువుల మాట వింటున్నట్టు.

బర్గర్ పొడిగా ఉంటుంది, ఉప్పు ఎక్కువ, అందుకని బూజు పట్టలేదు. నువ్వు కూర తడితడిగా పోసి మూత పెట్టావు, పట్టకేం చేస్తుంది. ఎండిన రొట్టె పెట్టినా అది కూడా రాజాలా ఉండేది. ఈ సంగతి నీకు తెలుసా అక్కా అని అడిగింది.

తెలుసన్నాను.

తెలుసు. అబద్ధం ఆడలేదు, నిజాన్ని కాస్త తడిపాను, అంతే. అవతలివాళ్లు కోట్లు గుమ్మరించి పిల్లల బుర్రల్లోకి పాటలు ఎక్కిస్తుంటే నేను రెండు గరిటెల కూర నీళ్లు ఎక్కువ పోశాను. ఇదేమన్నా నేరమా? చెల్లితోనూ ఇదే అన్నాను.

నీ వాదాలు పేపర్లో పెట్టుకో అక్కా, నా పిల్ల కడుపులో కాదు అంది. వచ్చే ఆదివారానికి ఇది మామూలుగా తినకపోతే నాయనమ్మ దగ్గర దింపేస్తానంది. అక్కడ ఎవరూ ఏమీ వివరించరు, పళ్లెం పెడతారు, తింటారు.

నేను ఇంకేదో అనబోయాను. గెలిచావులే, వెళ్లి పడుకో అంది.

మార్చి 14

క్యారెట్ నక్షత్రాల్లా కోశాను. గుడ్డుకి కళ్లు పెట్టాను. ముందు నేను తిని చూపించాను. బుడంకాయ జాలిగా చూసింది, పాపం పెద్దమ్మ లోపల ఏమవుతోందో అన్నట్టు.

సీలు వేసినవి మాత్రం తింటోంది. బిస్కెట్లు, డబ్బా పాలు. సీలు తనే వెతుక్కుని వేలితో తడిమి చూసుకుంటోంది. కంపెనీ ముద్ర ఉంటేనే నమ్మకం. ఏ అడ్వర్టైజ్‌మెంటూ ఇంత పని చేయలేదు. నేను చేశాను, జీతం లేకుండా.

క్లాస్ టీచర్ సీసాలు రెండూ తీసేసి మా ఇంటికి పంపింది. శుభ్రంగా ఉన్న బర్గర్ సీసా ఏమైందని పిల్లలు అడిగారట.

మార్చి 16, మధ్యాహ్నం

బడి నుంచి ఫోన్. ఆటల పీరియడ్లో కళ్లు తిరిగి కూలబడిందట. చెల్లి ఆపరేషన్ థియేటర్లో ఉంది, ఫోన్ తీయదు. పరుగెత్తాను. ఆఫీసు గదిలో బెంచీ మీద మోకాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చుంది. పెదాలు తెల్లగా ఉన్నాయి. ఎత్తుకుంటే ఉతికి ఆరేసిన చొక్కాలా ఉంది.

ఏం తింటావురా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. ఏదైనా సరే, చెప్పు అన్నాను. నోటితో చెప్పలేదు. కిటికీలోంచి రోడ్డు అవతలి షాపు వైపు ఒకసారి చూసి, నేను చూశానని తెలిసి, గబుక్కున నా భుజంలో మొహం దాచుకుంది.

ఆకలేస్తోందని చెప్పడానికి పిల్ల నాకు భయపడింది.

అదే రోజు, సాయంత్రం

వెళ్లాను. ఇరవై ఏళ్లుగా ఆ షాపు ముందు నుంచి నడవాల్సి వస్తే అవతలి ఫుట్‌పాత్ ఎక్కేదాన్ని. ఇవాళ క్యూలో నిలబడ్డాను.

బొమ్మల పోస్టర్లన్నీ నా నడుము కిందే ఉన్నాయి. వంగితే తప్ప నాకు కనపడవు. బుడంకాయ కళ్లకి సరిగ్గా ఎదురుగా ఉన్నాయి. ఎవరో టేపు పట్టుకుని ఆరేళ్ల పిల్ల ఎంత ఎత్తు ఉంటుందో కొలిచి అతికించారు. దానికి జీతం తీసుకున్నారు. సాయంత్రం ఇంటికెళ్లి వాళ్ల పిల్లలకి ముద్దు పెట్టారు.

కౌంటర్లో అమ్మాయి, పాపకి ఏ రంగు బొమ్మ ఇమ్మంటారు ఆంటీ అంది. ఏదో ఒకటి త్వరగా ఇవ్వమ్మా అన్నాను. ఊదారంగు రబ్బరు బాతు ఇచ్చింది.

తింది. రెండు చేతులతో పట్టుకుని, మాట్లాడకుండా, మొహానికి సాస్ అంటుకున్నా తుడుచుకోకుండా తింది. పెదాలకి రంగు వచ్చింది. ఒక మనిషి తింటుంటే చూసి నేనింత సంతోషపడిన రోజు లేదు. ఇది ఇక్కడ తప్ప ఇంకెక్కడా రాయను.

కడుపు నిండాక ఒక చిప్ నా నోటికి అందించింది. కాదనలేకపోయాను. బాగుంది. బాగుండటమే కదా నా కోపమంతా. చేదుగా ఉంటే దాంతో నాకేం పేచీ.

తల ఎత్తేసరికి పక్క టేబుల్ దగ్గర కార్ల షోరూం ఆయన. చెయ్యి ఊపాడు. రెండో చేతిలో ఫోన్ ఉంది.

మార్చి 17

ఫోటో తల్లిదండ్రుల గ్రూపులోకి వచ్చింది. నోట్లో చిప్‌తో నేను. కింద నవ్వే మొహాలు వరసగా.

మార్చి 19

చెల్లి ఫోటో పెద్దది చేసి చూసి, తింటున్నావా సంతాపసభలో ఉన్నావా అక్కా అంది. చాలా రోజుల తర్వాత నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వుతోనే స్టూలెక్కి అటక మీది పిల్ల బ్యాగు దించింది.

బ్యాగు మంచం మీద జిప్పు తెరిచి ఉంది. బుడంకాయ అందులో బాతుని పడుకోబెట్టింది. పెద్దమ్మ కూడా వస్తుందా అని వాళ్లమ్మని అడిగింది. రాదు అంది చెల్లి. నేను వంటింట్లో కడిగిన గిన్నెలే కడుగుతున్నాను.

మార్చి 21, మీటింగ్ తర్వాత

హాలు నిండింది. కప్పు కారిన మరకల కిందే కుర్చీలు వేశారు, కావాలనే అనుకుంటాను. కంపెనీ తరఫున వచ్చినావిడ అందరి పేర్లూ కనుక్కుని మరీ నవ్వింది. నేను లేవగానే షోరూం ఆయన తెర మీద ఫోటో వేశాడు. గోడంత నా మొహం. కంపెనీ ఆవిడ, మేడం కూడా మా కస్టమర్ అయినందుకు సంతోషం అంది. హాలంతా గొల్లున నవ్వింది.

రాసుకెళ్లిన కాగితం మడిచి బ్యాగులో పెట్టేశాను. అది నేనే అన్నాను. నోట్లో ఉన్నది చిప్సే, బాగుంది కూడా. ఈ తిండి మీద ఇరవై ఏళ్లు రాసిన నన్నే పిల్ల ఆకలి ఆ క్యూలో నిలబెట్టగలిగింది. రోజంతా ఒళ్లు హూనం చేసుకుని ఇంటికొచ్చే మీరు రోజూ ఎలా ఎదురు నిలబడతారు అని అడిగాను. నవ్వు తగ్గింది.

సీసాల సంగతీ చెప్పేశాను. తడి అన్నం, పొడి బర్గర్, తెలిసీ పెట్టాను. వీళ్లు పిల్లల కళ్ల ఎత్తులో బొమ్మలు అతికించారు. నేను అదే ఎత్తులో సీసాలు పెట్టాను. ఇద్దరం ఆరేళ్లవాళ్ల మీదే పడ్డాం, పెద్దవాళ్లయితే ఎదురు అడుగుతారు కాబట్టి. పిల్లల కోరికతో కుస్తీ పట్టడం ఇక మానేద్దాం. ఆ కోరికని తయారుచేసి అమ్మేవాళ్లతో పెద్దవాళ్లం తలపడదాం, గేటు బయటే.

అప్పుడు వెనక వరసలో బట్టలు కుట్టే ఆవిడ లేచింది. ఇంతవరకు ఏ మీటింగ్‌లోనూ ఆమె గొంతు వినలేదు. ఈవిడ చేసిన పనికి మా వాడు కూడా డబ్బా వెనక్కి తెస్తున్నాడు, ఆ లెక్క ఈవిడతో తర్వాత చూసుకుంటాను అంది. నేను తల దించుకున్నాను. ఆమె ఆగలేదు. కానీ పొద్దున్నే లేచి నేను కట్టే డబ్బా, రంగుదీపాలు పెట్టిన కౌంటర్ పక్కన ఎలా నెగ్గుతుంది, దానికి బొమ్మ కూడా ఇవ్వలేను కదా అంది. వాన పడితే మా వాడు గొడుగు వేసుకుని తింటాడులెండి అని కూర్చుంది.

చేతులెత్తారు. హాల్లో చిన్న తరగతులు కూర్చునే వైపు కౌంటర్ రాదు, బొమ్మలు రావు. పెద్ద తరగతుల వైపు వస్తుంది. కంపెనీ వేయించే కప్పు కూడా ఆ వైపు వరకే. అర గెలుపు. అర గెలుపంటే నాకు ఒళ్లు మంట. దాన్నే మోసుకుని ఇంటికొచ్చాను.

మార్చి 22

బ్యాగు సర్ది గుమ్మం దగ్గర పెట్టి ఉంది. గెలిచావా అని బుడంకాయ అడిగింది. సగం అన్నాను. ఆ తర్వాత నేల మీద దాని పక్కన కూర్చుని సీసాల సంగతి చెప్పాను, వాదన కింద కాదు, జరిగింది జరిగినట్టు. అన్నంలో నీళ్లున్నాయి, బర్గర్లో లేవు, నాకు తెలుసు, నీకు చెప్పలేదు అని.

అయితే దానికీ నీళ్లు పోద్దాం అంది.

బడి నుంచి వచ్చిన పాత బర్గర్ మీద తనే చెంచాతో నీళ్లు చల్లింది. ఇంకో సీసాలో రబ్బరు బాతుని పెట్టి దాని మీదా చల్లింది. ఇదెందుకు అన్నాను. చూద్దాం అంది.

చెల్లి గుమ్మంలో నిలబడి అంతా చూసింది. బ్యాగు తీయలేదు, ప్రయాణమూ కాలేదు. నాయనమ్మకి ఫోన్ చేసి, డ్యూటీ మారింది, వచ్చే ఆదివారం వస్తాం అని అబద్ధం చెప్పింది. మా ఇంట్లో నేనొక్కదాన్నే తడుపుతానా ఏమిటి.

మార్చి 25

బర్గర్‌కి ఇంకా బూజు పట్టలేదు. బుడంకాయకి డబ్బా పాలు, బిస్కెట్లే. బ్యాగు గుమ్మం దగ్గరే. నేను తిండి గురించి ఒక్క మాట కూడా అనడం లేదు. నాలుక కొరుక్కుని కొరుక్కుని పుండు పడింది.

మార్చి 27, ఉదయం

నిద్ర లేపింది బుడంకాయే. సీసా నా ముక్కుకి ఆనించి, దీనికీ పట్టింది అంది. బన్ను అంచున గోరంత నల్లమచ్చ. బాతు మాత్రం మెరుస్తోంది.

ఒక కాలమ్ నిండా మాటలు గొంతు దాకా వచ్చాయి. మింగేశాను. అవునే, పట్టింది అన్నాను, అంతే.

ఆ తర్వాత ఇల్లంతా తిరిగి అడిగింది. చెంచాకి పడుతుందా, గోడకి పడుతుందా, సబ్బుకి, అమ్మ చెప్పుకి. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చాక వాళ్లమ్మనీ అడిగింది. పళ్లెం దగ్గరికి ఇంకా రాలేదు.

మార్చి 28

నేను తింటున్నాను. బుడంకాయ ఎదురుగా నిలబడి, నిన్ను సీసాలో పెట్టి నీళ్లు పోస్తే బూజు పడుతుందా పెద్దమ్మా అని అడిగింది. పడుతుందన్నాను. అమ్మకి అంది. అమ్మకీ పడుతుంది. నాకు అంది. నీకు కూడా అన్నాను. బాతుకి పట్టదు అంది. పట్టదు.

నా పళ్లెంలోంచి బఠానీలు తీసి నోట్లో వేసుకుంది.