తోడు వచ్చేవారి పేరు

17 మార్చి 2008, సోమవారం

ఈ రోజు నుంచి ఒక నిర్ణయం. ఇరవై రోజుల్లో మా ట్రావెల్స్ వెబ్‌సైట్‌ను చూపు లేనివారు కూడా వాడుకునేటట్టు చేస్తాను. రోజూ ఆఫీసు తెరవగానే మానిటర్ స్విచ్ కట్టేసి, చెవులతో వింటూ ఒక టికెట్టు బుక్ చేయాలి. ఎక్కడ ఆగిపోతే అక్కడ బాగుచేయాలి. సులభమే. ఆ సైట్ కట్టింది నేనే.

కారణం. ఉదయం పద్మకుమారి అనే అమ్మాయి కౌంటర్‌కి వచ్చింది. కె. కోటపాడు దగ్గర పల్లె. పుట్టుకతో చూపు లేదు. డిగ్రీ చదివింది. వచ్చే నెల పదో తేదీన హైదరాబాద్‌లో బ్యాంకు టెలిఫోన్ ఆపరేటరుగా చేరాలి. మా బస్సు ఆమె ఉండబోయే హాస్టల్ ముందే ఆగుతుంది. కౌంటర్లో నూకరాజు ఉన్నాడు.

"తోడెవరమ్మా?"

"ఎవరూ రారు. నేనొక్కర్తినే."

"తోడు లేకండా మీలాంటోలికి టికెట్టివ్వం. ఓనరు గారి రూలు."

"నా వయసు ఇరవై మూడండి."

"ఎనభై అయినా అంతే."

ఆమె తండ్రి బంగారయ్య చెరకు రైతు. గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపలికి రాలేదు. వాళ్ళిద్దరి ఒప్పందం అదట. టికెట్టు తనంతట తాను కొనుక్కుంటే పంపుతాడు. లేకపోతే ఉద్యోగం లేదు.

"సూసేవా మరి," అన్నాడు బయటి నుంచి. "టికెట్టే సేతకాలేదు. అక్కడేటి బతుకుతావు?"

ఆమె నా కీబోర్డు చప్పుడు విని నా వైపు తిరిగింది.

"మీకు వెబ్‌సైట్ ఉన్నాది కదండీ. అది తోడెవరని అడగదు కదా?"

"అడగదండి."

"సబ్బవరం నెట్ సెంటర్లో తెర చదివే సాఫ్ట్‌వేర్ వేయించుకున్నాను. మీ సైట్లో సీట్ల దగ్గరకొచ్చేసరికి గ్రాఫిక్, గ్రాఫిక్, గ్రాఫిక్ అంటాది. ఇంకేటీ చెప్పదు."

ఆరో తేదీకల్లా బాగుచేస్తానని చెప్పాను. తండ్రి కూడా విన్నాడు.

18 మార్చి

ఆ సాఫ్ట్‌వేర్ ట్రయల్ కాపీ సంపాదించాను. నలభై నిమిషాలు పనిచేసి ఆగిపోతుంది. కంప్యూటర్ మళ్ళీ మొదలుపెట్టాలి.

8.30. మానిటర్ కట్టేశాను. అమ్మవారి ఫోటోను "ఇమేజ్ జీరో జీరో ఫోర్" అంది. ఓనరు గారి తండ్రి ఫోటోను "ఇమేజ్ జీరో జీరో సెవెన్" అంది. తర్వాత పైన పాకుతూ పోయే ఉగాది ఆఫర్‌ను చదివింది. మళ్ళీ చదివింది. మళ్ళీ.

9.10. ఆగిపోయింది. బయల్దేరే ఊరు ఎంచుకునే చోటికి ఇంకా చేరలేదు. మొదటి రోజుకి ఇది చాలా ఎక్కువ.

నూకరాజు: "తెర కట్టీసి ఏటి బావా, జపమా?"

20 మార్చి

పాకే అక్షరాలు తీసేశాను. ఫోటోలకు పేర్లు రాశాను. ఓనరు త్రినాధరావు గారికి వినిపించాను. ఆయనకు నచ్చింది.

"మా నాన్న పేరొక్కటే సాల్దురా ధర్మేంద్రా. మా ఊరు, ఆయన తొలీ బస్సు ఎప్పుడు కొన్నాడో, అదీ పెట్టు. సదవనీ."

పెట్టాను. ఇప్పుడు ప్రతి పేజీ మొదట్లో ఒకటిన్నర నిమిషం వంశచరిత్ర వస్తుంది. అయినా స్పష్టంగా ఉంది.

24 మార్చి

దొంగ బుకింగులు రాకుండా పెట్టిన వంకర అక్షరాల బొమ్మ తీసేశాను. అది నాకే ఎప్పుడూ సరిగా కనపడలేదు.

ఇక సీట్లు. ఖాళీది ఆకుపచ్చ, నిండినది ఎరుపు. ఇన్నాళ్ళూ చూపు లేనివారికి రంగు చూసుకోమని చెబుతున్నాం. ముప్పై ఆరు సీట్లకీ మాటల్లో రాయాలి. రోజుకి ఆరు. ఆరు రోజుల పని. ఈ రోజు ఆరూ అయ్యాయి.

28 మార్చి

మూడు రోజులుగా కరెంటు కోత. మానిటర్ దానంతట అదే ఆరిపోతోంది. దీన్ని కూడా సాధన కిందే లెక్కవేసుకుంటున్నాను.

సీట్లు: ఇంకో ఆరు.

1 ఏప్రిల్

పద్మకుమారి ఫోన్ చేసింది.

"ఎంతవరకు వచ్చిందండి?"

"ముప్పావు వంతు అయిపోయింది."

ముప్పై ఆరులో పన్నెండు ముప్పావు కాదు.

"మా నాన్న నా పెట్టె అటకెక్కించీసేడండి. ఎలాగూ అవదని."

దింపించమని చెప్పాను.

3 ఏప్రిల్

కొత్త అమావాస్య జాతర రద్దీ. నన్ను కూడా కౌంటర్లో కూర్చోబెట్టారు.

ఆలోచిస్తే, పన్నెండు సీట్లు చాలు. ముందు సీట్లలో కుదుపు తక్కువ. డ్రైవరు దగ్గరే ఉంటాడు. వికలాంగులకు ముందు సీట్లు కేటాయించడం ఒక సౌకర్యం. అలా చూస్తే సీట్ల పని పూర్తయింది.

మానిటర్ ఈ రోజు కట్టలేదు. వెలుతురు తగ్గించాను.

4 ఏప్రిల్

ఓనరు గారికి నూకరాజు మొత్తం చెప్పేశాడు.

"ఆలొక్కలే ఎక్కీసి, దారిలో ఏదైనా అయితే ఎవుడిది పూచీ? నీదా?"

"కాదండి."

"మరయితే అందులో ఒక గడి పెట్టు. వికలాంగులా? అవునా, కాదా. అవునంటే తోడొచ్చేవోలి పేరు. పేరు రాయకపోతే ముందుకెల్లకూడదు."

పెట్టాను. పావుగంట పని. ఈ మధ్య మొదలుపెట్టి పూర్తి చేసిన పని ఇదొక్కటే. గడి ఎంత బాగా చదువుతోందంటే, "తప్పనిసరి" అన్న మాట కూడా వినిపిస్తోంది. చివరి దాకా పరీక్షించాను. "కాదు" దగ్గర నొక్కి వెళ్ళాను. వెంటనే టికెట్టు వచ్చింది.

ఈ డైరీ మొదటి పేజీ తిరిగి చదవలేదు.

6 ఏప్రిల్, ఆదివారం

గడువు రోజు. ఉదయం ఆమెకు ఫోన్ చేసి సైట్ సిద్ధమని చెప్పాను. సాయంత్రం ఆమే చేసింది.

"బాగా చదివిందండి. మీ ఓనరు గారి నాన్నగారు బస్సెప్పుడు కొన్నారో కూడా తెలిసింది."

"సీటు దొరికిందా?"

"ఏడు. పన్నెండు దాటితే మళ్ళీ గ్రాఫిక్ అంటంది గాని, నాకు ఏడు చాలు."

"మరింకేం?"

"ఆఖర్న తోడు వచ్చేవారి పేరు అడుగుతంది. తప్పనిసరట. అడగదన్నారు కదండీ."

"ఓనరు గారు పెట్టమన్నారండి."

"కట్టింది మీరే కదా."

"కాదు" దగ్గర నొక్కి చూడమన్నాను.

"నాకు కళ్ళున్నాయని రాయమంటారా?"

"పోనీ నేనే బుక్ చేసేస్తాను. మీ నాన్నగారికి తెలీదు."

"నాకు తెలుస్తాది కదండీ," అని పెట్టేసింది.

7 ఏప్రిల్

పండగ. సెలవు. గడి తీసేయడానికి ఆఫీసుకి వెళ్దామనుకున్నాను. తాళాలు నూకరాజు దగ్గర ఉన్నాయి. నూకరాజు ఇల్లు మా ఇంటి పక్కనే.

8 ఏప్రిల్

గడి తీసేస్తానని ఓనరు గారిని అడిగాను.

"నువ్వు సక్కగా సేసింది అదొక్కటే. ఉండనీ."

ఉంచాను. ట్రయల్ కాపీ తీసేశాను. మానిటర్ వెలుతురు పూర్తిగా పెంచాను. నిర్ణయం ఇక్కడితో సరి. కొత్త బుకింగులు చూడబుద్ధి కాలేదు.

9 ఏప్రిల్, బుధవారం

హైదరాబాద్ బస్సు సాయంత్రం ఆరున్నరకి. చార్టు ప్రింట్ తీసి, చదవకుండా నూకరాజుకి ఇచ్చాను.

ఆరుంపావుకి పద్మకుమారి వచ్చింది. చేతిలో కర్ర, భుజానికి సంచి. వెనక బంగారయ్య. ఆయన నెత్తి మీద పెట్టె ఉంది. నేను లోపలికి వెళ్ళిపోదామనుకున్నాను. గుమ్మం దాకా వెళ్ళి ఆగాను.

సైట్లో బుక్ చేసినవాళ్ళు డబ్బు బస్సెక్కే ముందు కడతారు. ఆమె టికెట్టు డబ్బు నూకరాజు చేతిలో పెట్టింది. వాడు చార్టు చూశాడు.

"ఏడో నెంబరు, పద్మకుమారి. తోడు..." ఆగాడు. "తోడు, పద్మకుమారి. ఇద్దరిదీ ఒకటే పేరేటమ్మా? రెండో ఆవిడేది?"

ఆమె కర్రతో మెట్టు చూసుకుని ఎక్కి, ఏడో సీట్లో కూర్చుంది.

డ్రైవరు హారన్ కొట్టాడు. ఓనరు గారు వరండాలోంచి, "తోడు రాకండా బండి కదలకూడదురా," అన్నారు.

నూకరాజు రోడ్డు మీదకు వెళ్ళి "రెండో పద్మకుమారీ!" అని కేక వేశాడు. అవతల పూలు బేరమాడుతున్న ఒకావిడ వెనక్కి తిరిగి చూసింది. వాడు ఆశగా చూశాడు. ఆవిడ మళ్ళీ పూల వైపు తిరిగింది.

అప్పుడు కిటికీలోంచి వినిపించింది.

"ఇద్దరం ఎక్కీసేం నూకరాజు గారూ. పోనివ్వండి."

బస్సులో ఎవరో నవ్వారు. ఓనరు గారు చార్టు తెప్పించుకుని చూశారు. తర్వాత నన్ను చూశారు.

"గడిలో పేరున్నాదా?"

"ఉందండి."

"పేరుంటే ముందుకెల్తాదన్నమాట."

"మీరు చెప్పినట్టే పెట్టానండి."

ఆయన చార్టు నూకరాజు చేతికి ఇచ్చేశారు. బంగారయ్య పెట్టె డిక్కీలో సర్ది వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"తోడు కాడ నా పేరు రాత్తాదనుకున్నాను," అన్నాడు. "బట్టలు కూడా సద్దుకున్నాను."

బస్సు కదిలింది. ఆయన చెయ్యి ఎత్తాడు. ఆమెకు కనపడదని గుర్తొచ్చి కాబోలు, దించేసి ఆ కిటికీ ఇనప రేకు మీద రెండుసార్లు తట్టాడు. లోపలి నుంచి కూడా రెండుసార్లు వినిపించింది.

10 ఏప్రిల్

తెల్లవారి ఫోన్ వచ్చింది. చేరింది. హాస్టల్ ముందే దింపారట. నెలాఖరుకి ఒకసారి ఇంటికి వస్తుంది.

"అప్పటికి పదమూడో సీటు చదువుతాదేటండి?"

చదువుతుందని చెప్పాను.

ఈ రోజు నుంచి ఒక నిర్ణయం. ఇరవై రోజులు.

8.30. ట్రయల్ కాపీ మళ్ళీ వేశాను. మానిటర్ కట్టేశాను. వంశచరిత్ర విన్నాను. ఏడో సీటు పట్టుకున్నాను. ఈసారి "అవును" దగ్గర నొక్కాను. తోడు వచ్చేవారి పేరు, తప్పనిసరి అంది. ఏమీ రాయకుండా నొక్కాను. మళ్ళీ అదే అంది. ఎన్నిసార్లు నొక్కితే అన్నిసార్లు అదే అంది.

ఓనరు గారు ఇంకా రాలేదు. ఆయన్ని అడగలేదు. గడి తీసేశాను. పావుగంట కూడా పట్టలేదు.

పదమూడో సీటు రేపు.