కమిటీ మా బోరు చూడటానికి వస్తుందట

శనివారం, రాత్రి

...అయినా ఆ రూలు నేను ముందే చదవాల్సింది. సైన్స్ సొసైటీ అవార్డు ఎవరికో తేల్చే ముందు, కమిటీ వాళ్లు ప్రాజెక్టు చేసిన చోటికే వచ్చి చూస్తారట. "సోమవారం మీ తోటకు వస్తాండారు పాపా, మీ నాయనకు చెప్పు" అంది మా సైన్స్ మేడమ్, సంతోషంగా.

ఏమని చెప్పాలి? తాడుకు బోల్టు కట్టి, ఎవరూ లేనప్పుడు మా బోరులోకి దించి, నీళ్లు నెలనెలా ఎంత కిందికి పోతున్నాయో కొలిచానని చెప్పాలా? నాయన ఆ తోటనే అమ్ముతున్నాడు.

సాయంత్రం యాడికి ఊరి నుంచి తోట కొనే ఆయన వచ్చాడు. "ఏమప్పా ఓబులేసూ, ఎండాకాలంలో గూడా ఈ బోరు ఆగిందే లేదు. యాడైనా అడుగు!" అన్నాడు నాయన.

"నీ మాట సాలన్నా. సోమవారం అడ్వాన్సు తెస్తా" అన్నాడాయన. టీ ఇస్తూ నేను తల ఎత్తలేదు.

కమిటీని రావద్దంటే నా పేరు కొట్టేస్తారు. వస్తే ఆ కొలతలన్నీ రాసిన నా చార్టు, అడ్వాన్సు తెచ్చిన ఓబులేసు కళ్ల ముందే ఉంటుంది. రాకపోతే ఆ మనిషి, పాపం, ఎండిపోయే బోరు కొంటాడు. నాకు నాయనంటే భయం, కానీ...

తలుపు కొడుతున్నాడు. నాయనే.

"పాపా, మీ మేడమ్ ఫోన్ చేసినాది. మన బోరు చూసేదానికి ఎవురో వస్తారంట, ఎవురు వాళ్లు? తలుపు తియ్."

ఈ పేజీలు పరుపు కింద పెట్టేస్తున్నా