పక్కింటి ధర

సింగపూర్, శుక్రవారం, మార్చి 2000

ఐటీ జీతం వచ్చాక నాకు పొగరెక్కిందని అమ్మ అంటోంది. పొగరు కాదు, మంట.

పక్కింటి చైనీస్ అంకుల్ తన ఫ్లాటు మంచి ధరకు అమ్ముకున్నాడు. మాదీ అలాంటి ఫ్లాటే, అదే అంతస్తు; మేమూ అమ్మకానికి పెట్టాం. ఇవాళ ఏజెంటు వచ్చి, ప్రభుత్వ ఫ్లాట్లలో ఒక్కో జాతికి ఇన్ని ఇళ్లేనని రూలుందనీ, మా బ్లాకులో చైనీయుల కోటా నిండిందనీ, భారతీయులమైన మేం వాళ్లకు అమ్మకూడదనీ, కొనేవాళ్లలో వాళ్లే ఎక్కువ కాబట్టి మిగతావాళ్లకైతే ధర బాగా తగ్గించాలనీ చెప్పాడు.

"మరి అంకుల్ చైనీస్‌కే అమ్మాడుగా?" అన్నాను.

"చైనీస్ టు చైనీస్ కెన్ లా, మిస్," అన్నాడు ఏజెంటు. వాళ్లలో వాళ్లు అమ్ముకోవచ్చట, కోటా లెక్క మారదు కాబట్టి.

నాన్న నవ్వేశాడు. "రూలమ్మా, ఏం చేస్తాం? ఆ తక్కువ ధరకే సంతకం పెట్టేయ్."

ఆయన జీవితమంతా షిప్‌యార్డులో వెల్డింగ్ చేసి కొన్న ఇల్లు ఇది. రిటైరయ్యాక ఇదే ఆధారం. పుట్టిన జాతిని చూసి అందులో కోత పెడుతుంటే నవ్వెలా వస్తుందో...

ఫ్లాటు మీద నా పేరూ ఉంది. నేను సంతకం పెట్టను.