ఖాళీ స్టేడియం

మార్చి 4

తోటికోడలు మళ్ళీ టీవీలో. జట్టు గెలిస్తే ఊళ్ళో వ్యాపారం పెరుగుతుందా అని యాంకర్ అడిగితే నవ్వుతూ ఏదో చెప్పింది. అత్తగారు సౌండ్ పెంచి మరీ విన్నారు. ఆటల ఎకనమిక్స్ అనేదొకటి ఉందని దానికి చెప్పిందే నేను. నా క్లాసులో వెనక బెంచీ పిల్ల. మరిదికి చూపించిందీ నేనే. కొరివితో తల గోక్కున్నాను.

మార్చి 11

జర్నల్ వాళ్ళు ఒక పరిశోధన పేపర్ రివ్యూకి పంపారు, అచ్చుకి పనికొస్తుందో లేదో చెప్పమని. రాసిందెవరో నాకు చెప్పరు, చూసేదెవరో వాళ్ళకి చెప్పరు. మొదటి పేజీకే పోల్చుకున్నాను. ఖాళీ స్టేడియాల మీద పనిచేసేవాళ్ళం ఎందరమని? మా ఇంట్లోనే ఇద్దరం. నాది మూడేళ్ళుగా సగంలో ఉంది. ఇది ముందు అచ్చయితే నా ప్రొఫెసర్ పోస్టుకి నీళ్ళొదులుకోవాల్సిందే.

బంధువని చెప్పి వెనక్కి పంపేయాలి. పంపలేదు.

మార్చి 12

పాడు పేపర్. ఎంత బాగుందో.

మార్చి 19

గ్యాలరీలో జనం లేకపోతే అంపైర్ సొంతూరి జట్టుకి కొమ్ముకాయడు, న్యాయంగా ఉంటాడు. దాని పేపర్ సారాంశం ఇదే. నన్నూ ఎవరూ చూడటం లేదు. రిజెక్ట్ అని రాశాను. ఈ రచయిత ముందు ఫలానా మూడు పేపర్లు చదువుకోవాలని కూడా చేర్చాను. మూడూ నావే.

మే 2

మరిదీ అదీ భోజనానికి వచ్చారు. పేపర్ తిరిగొచ్చిందట. రివ్యూయర్ చీల్చి చెండాడాడట. అయినా మంచివాడే అక్కా, నువ్వంటే ప్రాణం అతనికి, నీ పేపర్లు మూడూ చదవమన్నాడు అంది. కూర వడ్డిస్తూ నా ముఖంలోకి చూసింది. నవ్విందో లేదో చెప్పలేను. నేను చెయ్యి కడిగేసుకున్నాను. మరిది మాత్రం మారు వడ్డించుకున్నాడు.

మే 3

తెలిసిపోయింది. లేదు, తెలియదు. తెలిసే ఉంటుంది.

ఆగస్టు 20

నా పేపర్ పూర్తిచేసి పంపాను. అది రాసినవాటిలో ఒక్కదాని పేరూ ఎత్తలేదు. రివ్యూ ఎవరికి వెళ్తుందో ఎడిటర్ చెప్పడు. చెప్పడమెందుకు, ఉన్నదే ఇద్దరం. ఇప్పుడు జుట్టు దాని చేతికి చిక్కింది. ఊరుకుంటుందా? నేనైతే ఊరుకోను.

నవంబరు 6

రిపోర్టు వచ్చింది. నాలుగు వాక్యాలు. ఇంత మంచి పని ఈమధ్య చూడలేదు, ఉన్నదున్నట్టు వేసుకోండి అని రాసింది. తన పేపర్లు చేర్చమని కూడా అడగలేదు.

ఇక ప్రొఫెసర్‌నే. దీన్ని నేనెలా క్షమించను?