రెండుతో మొదలైన జవాబు

గురువారం, మధ్యాహ్నం భోజనాల వేళ
ఆసుపత్రి కంప్యూటర్ గది

చిరంజీవి బుజ్జితల్లికి అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం అని రాయాలి గానీ, చెయ్యి ఒప్పుకోవడం లేదు. ఫోన్‌లో అయితే నా గొంతు విని హడలిపోతావని ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు సెలవుల్లో నేర్పిన పాఠం మరిచిపోలేదు. అవతలి కంప్యూటర్‌ని ఏదైనా ఇమ్మని అడిగితే గెట్, ఇది తీసుకోమని పంపితే పోస్ట్. జవాబుగా 200 వస్తే పని అయినట్టు, 404 వస్తే అడిగింది అక్కడ లేనట్టు, 500 వస్తే అవతలివాళ్ల దగ్గరే ఏదో చెడినట్టు. కౌంటర్లో చీటీలు రాసుకునే నన్ను ఈ గదిలో కూర్చోబెట్టింది ఆ పాఠమే. ల్యాబులో రిపోర్టు తయారవగానే వార్డు కంప్యూటర్‌కి పంపే ప్రోగ్రాము నేనే రాశాను. జవాబు రెండుతో మొదలైతే చాలు, ల్యాబు తెర మీద పచ్చగా ‘చేరింది’ అని పడుతుంది.

మొన్న మంగళవారం మూడున్నరకి నర్సు కిందికి దిగొచ్చి, ఏడో మంచం రిపోర్టు ఏదండీ, పొద్దుట్నుంచీ చూస్తున్నాం అని అడిగింది. ల్యాబు టెక్నీషియన్ తెర చూపించి, ఎప్పుడో చేరింది, మీరే చూసుకోలేదు అన్నాడు. రాలేదంటే వినరేం అని ఆవిడ కసిరింది. నేను వెళ్లి లాగ్ తెరిచాను, పంపిన ప్రతిదానికీ వచ్చిన జవాబు తేదీతో సహా అందులో ఉంటుంది. ఏడో మంచం ఎదురుగా 200 కాదు, 202 ఉంది. తీసుకున్నాను గానీ పని ఇంకా పూర్తి చేయలేదు అని దానర్థం. అలా మధ్యలో ఆగిపోయిన రిపోర్టులు పదకొండు!

ఏడో మంచం రిపోర్టు చదివి టెక్నీషియన్ తెల్లబోయాడు. రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరిగిందట. పైన వార్డులోనేమో, ముందురోజు రిపోర్టులో తక్కువుందని ఆ పొటాషియమే ఎక్కించబోతున్నారట. లిఫ్టు కోసం ఆగకుండా కాగితంతో మెట్లెక్కాను. అప్పటికే సీసా తగిలించి, ట్యూబు బిగిస్తున్నారు. ఆపండి అని అరిచానట, నాకు గుర్తు లేదు. మంచం మీదున్నాయన బస్సు డ్రైవరు. ఏమైందమ్మా, నాకేం కాదు కదా అని నన్నే అడిగాడు. కాగితం నర్సు చేతిలో పెట్టాను. ఇప్పుడు కులాసాగా ఉన్నాడు, రేపు ఇంటికి పంపుతారు.

నిన్న పెద్దాఫీసరు అందరినీ పిలిచారు. తెర చూసి ఊరుకోకుండా వార్డుకి ఒక ఫోన్ కొట్టాల్సిందని టెక్నీషియన్‌ని చీవాట్లు పెట్టి, విచారణ అయ్యేదాకా రావద్దని పంపేశారు. ఆ 202 అనే కోడు నాకెప్పుడూ ఎదురుపడలేదని చెప్పాను, నమ్మారు. నీకూ అదే చెబుతున్నాను. అయినా ముద్ద దిగడం లేదు.

ప్రోగ్రాము సరిచేశాను. ఇకమీదట 202 వస్తే ‘ఇంకా చేరలేదు’ అని పడుతుంది, అయిందా లేదా అని నిమిషానికోసారి గెట్‌తో అడుగుతుంది. ఒళ్లు జాగ్రత్త, తల్లీ.

మీ అమ్మ

తా.క.: కవరు అంటించబోయి ఆగాను. నీకూ అబద్ధమే రాశాను. ఆ కోడు నేను చూశాను. ప్రోగ్రాము పరీక్షించిన రోజునే ఒకసారి వచ్చింది. అర్థం వెతకబోయి, బస్సు తప్పిపోతుందని, రెండుతోనే మొదలైంది కదా అని వదిలేశాను. తేదీతో సహా లాగ్‌లో ఉంది, ఇంకెవరూ చూడలేదు. పొద్దున్న టెక్నీషియన్ భార్య వచ్చి, ఆయన మంచం దిగడం లేదండీ, అంత తప్పు చేశాడా అని నన్నడిగింది. ఆ పుట ప్రింటు తీశాను. ఆఫీసరు భోజనం చేసి వచ్చినట్టున్నారు, వెళ్తున్నాను.